పెళ్లి సీడీల డబ్బా తెరిస్తే: ఏ డీవీడీ రైటర్, ఏ డిస్క్, ఏ సాఫ్ట్‌వేర్?

మొన్న విశాఖ ఎంవీపీ కాలనీ నుంచి పిన్ని ఫోన్ చేసింది. "ఒరే నాన్నా, మీ చెల్లి పెళ్లి డీవీడీలూ తాతగారి షష్టిపూర్తి సీడీలూ అన్నీ డబ్బాలో అలాగే ఉన్నాయి. చూద్దామంటే కొత్త ల్యాప్‌టాప్‌కి డిస్క్ పెట్టే చోటే లేదు. ద్వారకానగర్‌లో అడిగితే ఒకడు ఒకటంటాడు, పక్కవాడు ఇంకొకటంటాడు. ఏది కొనమంటావు?"

ఈ ప్రశ్న నన్ను అడిగినవాళ్లలో పిన్ని మొదటిది కాదు. పాత డెస్క్‌టాప్ పాడైనప్పుడో, పిల్లల పెళ్లి సంబంధాలు వస్తున్నప్పుడో ప్రతి ఇంట్లోనూ ఆ డబ్బా బయటికొస్తుంది. అందరూ అడిగేది డ్రైవ్ గురించే. డబ్బులు ఎక్కువ పోయేది దానికే కాబట్టి అడగడం సహజం. కానీ నా అనుభవంలో పని చెడేది డ్రైవ్ వల్ల కాదు. నాసిరకం ఖాళీ డిస్క్ కొనడం వల్లో, సాఫ్ట్‌వేర్‌లో ఒక్క టిక్కు పెట్టకపోవడం వల్లో, రాశాక సరిచూడకపోవడం వల్లో చెడుతుంది. అందుకని డ్రైవ్ సంగతి త్వరగా ముగించి, మిగతావాటి దగ్గర కాస్త ఎక్కువసేపు ఉంటాను.

## కొనేముందు తేల్చుకోవలసినవి

మీకు కావలసింది చదవడమా, రాయడమా? పిన్నికి కావలసింది చదవడమే. ఉన్న డిస్క్‌లలోది హార్డ్ డిస్క్‌లోకి, అక్కణ్ణుంచి పెన్‌డ్రైవ్‌లోకి వెళ్తే ఆమె పని అయిపోయినట్టే. ఇలాంటివాళ్లు 16ఎక్స్, 24ఎక్స్ అంటూ రాత వేగాలు చూసి ఎక్కువ డబ్బు పెట్టడం దండగ.

రాయడం కూడా కావాలంటే, ఆ డిస్క్ చివరికి ఎక్కడ ఆడాలి? కంప్యూటర్‌లోనే అయితే ఏ రకమైనా సరే. టీవీ కింద పదిహేనేళ్ల నాటి ప్లేయర్‌లో ఆడాలంటే మాత్రం డిస్క్ రకం, రాసే పద్ధతి, చివర్లో ఇంకేమీ రాయనివ్వకుండా మూసెయ్యడం (ఫైనలైజ్) అన్నీ లెక్కలోకి వస్తాయి.

ఎన్నాళ్లు ఉండాలన్నది ఇంకో లెక్క. ఆఫీసులో ఇచ్చే సీడీ వారం బతికితే చాలు. పెళ్లి వీడియో మనవలు చూడాలి.

ఇక విశాఖలో ఉండేవాళ్లు విడిగా వేసుకోవలసిన ప్రశ్న ఒకటుంది: ఎక్కడ దాస్తారు? సముద్రపు గాలి, తేమ, పడమటి కిటికీలోంచి పడే ఎండ మూడూ డిస్క్‌కి పడవు. నాకిది ఎలా తెలిసిందో చెబుతాను. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చినప్పుడు మా కిటికీ అద్దం పగిలి పక్కనున్న అల్మరాలోకి వాన కొట్టింది. కరెంటు లేదు, ఊరంతా చెట్లు పడి ఉన్నాయి, అప్పుడు సీడీల సంగతి ఎవరికి గుర్తుంటుంది? చాలా రోజుల తరవాత ఆల్బం తెరిస్తే నాన్న రిటైర్‌మెంట్ ఫంక్షన్ సీడీ మీద స్టూడియోవాళ్లు అంటించిన రంగుల ఫొటో స్టిక్కరు అప్పడంలా ఉబ్బి ఉంది. గోటితో మెల్లగా లాగాను. స్టిక్కరుతో పాటు వెండి పొర కూడా ఊడి వచ్చేసింది. సీడీని వెలుతురుకి పెట్టి చూస్తే నాన్న మెడలో దండ వేసే దృశ్యం ఉండవలసిన చోట అవతలి డాబా మీది నీళ్ల ట్యాంకు కనిపించింది.

ఇది సీడీకి ఉన్న బలహీనత. సీడీలో సమాచారం ఉండే పొర అడుగున కాదు, పైన, లేబుల్ కిందనే సన్నటి లక్క పూత మాటున ఉంటుంది. అందుకే అడుగున గీత పడితే తుడిచో, పాలిష్ పెట్టో బతికించుకోవచ్చు గానీ లేబుల్ వైపు గీత పడితే ఆ ముక్క పోయినట్టే. డీవీడీ అలా కాదు. 0.6 మిల్లీమీటర్ల ప్లాస్టిక్ బిళ్లలు రెండింటి మధ్య ఆ పొర ఇరుక్కుని ఉంటుంది. స్టిక్కరు ఊడినా అంత నష్టం లేదు. అలాగని డీవీడీకీ స్టిక్కరు అంటించకండి. బరువు ఒక పక్కకి లాగి, తిరిగేటప్పుడు వణుకుతుంది.

## డ్రైవ్‌లు: ఏది ఎవరికి

| రకం | నప్పేది | ఇబ్బంది |
|---|---|---|
| డెస్క్‌టాప్ లోపల బిగించే సాటా డ్రైవ్ | వారానికి పదీ ఇరవై డిస్క్‌లు రాసేవాళ్లకి | కొత్త క్యాబినెట్లలో దీనికి చోటు ఉండటం లేదు |
| యూఎస్‌బీ సన్న రైటర్ | ల్యాప్‌టాప్ ఉన్న ఇంటికి, అప్పుడప్పుడు వాడకానికి | పవర్ చాలకపోతే మధ్యలో ఆగుతుంది, వేగం 8ఎక్స్ దగ్గర ఆగుతుంది |
| పాత ల్యాప్‌టాప్ డ్రైవ్‌కి యూఎస్‌బీ డబ్బా | ఇంట్లో పాడైన ల్యాప్‌టాప్ ఉన్నవాళ్లకి | లెన్స్ ఎంత అరిగిందో తెలియదు |
| బ్లూ-రే రైటర్ | వందల జీబీలు దాచుకునేవాళ్లకి | డ్రైవూ ఖరీదే, డిస్కూ ఖరీదే |

ల్యాప్‌టాప్ ఉన్నవాళ్లలో నూటికి తొంభైమందికి రెండోదే సరిపోతుంది. ఎల్‌జీ, ఏసస్, ట్రాన్సెండ్, లైట్-ఆన్ లాంటి పేరున్న వాటిలో ఏది దొరికితే అది తీసుకోండి. వాటి మధ్య తేడా గురించి గంటలు గంటలు చదవడం అనవసరం. చూడవలసింది కరెంటు సంగతి. యూఎస్‌బీ 2.0 పోర్టు ఇచ్చేది 500 మిల్లీ ఆంపియర్లే, 3.0 అయితే 900. డిస్క్ రాసేటప్పుడు లేజర్‌కీ మోటారుకీ కలిపి ఒక్కోసారి 500 దాటుతుంది. డ్రైవ్ 'టిక్ టిక్' మంటూ తిరగడం మొదలుపెట్టి ఆగిపోతోందంటే దాదాపు ఎప్పుడూ ఇదే కారణం. ఇంకో యూఎస్‌బీ హబ్‌కి కాకుండా నేరుగా ల్యాప్‌టాప్‌కే పెట్టండి. డ్రైవ్‌తో వచ్చిన పొట్టి వైరే వాడండి. రెండు యూఎస్‌బీ మూతులున్న వైరు ఇస్తే రెండూ గుచ్చండి.

ఆన్‌లైన్‌లో పేరులేని రైటర్లు వస్తున్నాయి. డీవీడీ రైటర్, దానికే నాలుగు యూఎస్‌బీ పోర్టులు, మెమరీ కార్డు పెట్టే చోటు, అన్నీ ఒక్క వైరు మీద! చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది. అసలే అంతంతమాత్రం పవర్‌ని అందరూ పంచుకుంటే డ్రైవ్‌కి మిగిలేదెంత? నేనైతే కొనను.

సన్న రైటర్లలో డిస్క్‌ని నేరుగా లోపలికి తోసేసే రకం ఉంటుంది, ట్రే బయటికి రాదు. చిన్న 8 సెంటీమీటర్ల డిస్క్‌లు, అంటే ఒకప్పటి హ్యాండీక్యామ్‌లలో వాడినవి, అందులో పెట్టకూడదు. ఇరుక్కుంటాయి. మీ డబ్బాలో అవి ఉంటే ట్రే ఉన్నదే కొనండి.

మూడో రకం గురించి ఒక మాట. మూలపడ్డ ల్యాప్‌టాప్ ఉంటే దాని డ్రైవ్ ఒక్క స్క్రూ విప్పితే బయటికి వస్తుంది. దానికి తొడిగే యూఎస్‌బీ డబ్బా చవక. కొనేముందు డ్రైవ్ మందం కొలవండి, 12.7 మిల్లీమీటర్లవీ 9.5 మిల్లీమీటర్లవీ రెండు రకాలున్నాయి, ఒకదాని డబ్బా ఇంకొకదానికి పట్టదు. డెస్క్‌టాప్‌ది పెద్ద డ్రైవ్ వాడుకోవాలంటే మాత్రం చిన్న హార్డ్ డిస్క్‌లకి పెట్టే యూఎస్‌బీ-సాటా వైరు పనికిరాదు. పెద్ద డ్రైవ్‌కి 12 వోల్టులు కూడా కావాలి, విడిగా అడాప్టరు ఉన్న వైరు తీసుకోవాలి.

బ్లూ-రే సంగతి సూటిగా చెబుతాను: ఇప్పుడు కొత్తగా ఆ దారి పట్టమని ఇంట్లోవాళ్లకి చెప్పను. ఒక్క డిస్క్‌లో 25 జీబీ, రెండు పొరలదైతే 50 జీబీ పడుతుంది, నిజమే. కానీ 2025 ఫిబ్రవరితో సోనీ రాసుకునే బ్లూ-రే డిస్క్‌ల తయారీ ఆపేసింది. డిస్క్‌లు రానురాను దొరకడం కష్టమయ్యే బండి ఎందుకెక్కాలి? అదే డబ్బుకి రెండు హార్డ్ డిస్క్‌లు వస్తాయి. ఫొటోగ్రాఫర్లు, ఇప్పటికే బ్లూ-రేల మీద డేటా ఉన్నవాళ్లు వేరే సంగతి.

## ఖాళీ డిస్క్: అసలు డబ్బు పెట్టవలసింది ఇక్కడ

రాయడం అక్కరలేనివాళ్లు ఈ భాగం వదిలేసి సాఫ్ట్‌వేర్ దగ్గరికి వెళ్లొచ్చు.

కొట్టులో అడగ్గానే ఎదురొచ్చే మొదటి గందరగోళం మైనస్, ప్లస్. డీవీడీ-ఆర్ ముందు వచ్చింది, 1997లో పయనీర్ వాళ్లది. డీవీడీ+ఆర్ 2002లో సోనీ, ఫిలిప్స్ వగైరా జట్టు తెచ్చింది. ఇప్పటి రైటర్లన్నీ రెండూ రాస్తాయి. తేడా తెలిసేది పాత ప్లేయర్‌లోనే. బాగా పాత ప్లేయర్లకి మైనస్ ఎక్కువగా పడుతుంది. ప్లస్‌లో ఒక చిట్కా ఉంది: కొన్ని రైటర్లలో రాసేటప్పుడే 'ఇది మామూలు డీవీడీ-రోమ్ (ఫ్యాక్టరీలో అచ్చైన డిస్క్)' అని డిస్క్ చేత చెప్పించవచ్చు. దాన్ని బుక్ టైప్ మార్చడం అంటారు. అలా రాసిన ప్లస్ డిస్క్‌ని మొండి ప్లేయర్లు కూడా మారు మాట్లాడకుండా తీసుకుంటాయి. ఈ తలనొప్పి వద్దనుకుంటే మైనస్ కొనుక్కోండి.

డబ్బా మీద 4.7 జీబీ అని ఉంటుంది, కంప్యూటర్‌లో 4.38 అని చూపిస్తుంది. కొట్టువాడు మోసం చెయ్యలేదు. డిస్క్ కంపెనీ వెయ్యితో లెక్కపెడుతుంది, విండోస్ 1024తో లెక్కపెడుతుంది. రెండు పొరల డిస్క్ మీద 8.5 అని ఉంటే 7.9 చిల్లరే చూపిస్తుంది. పొడుగు పెళ్లి వీడియోకి రెండు పొరలది ఒకటి కంటే మామూలువి రెండు వాడటం మేలు. పొర మారే చోట పాత ప్లేయర్లు తడబడతాయి, పైగా ఒకటి చెడితే పోయేది సగమే.

మళ్లీ మళ్లీ రాసుకునే ఆర్‌డబ్ల్యూ డిస్క్ ఒకటి ఇంట్లో ఉంచుకోండి. ముందు దానిమీద రాసి, ప్లేయర్‌లో పెట్టి మెనూ అదీ చూసుకుని, తరవాత అసలు డిస్క్ మీద రాయవచ్చు. వెయ్యిసార్లదాకా చెరిపి రాసుకోవచ్చంటారు. దాచుకోవడానికి మాత్రం అది వద్దు.

ఇప్పుడు బ్రాండ్. మన దగ్గర ఏళ్ల తరబడి ఖాళీ డిస్క్ అంటే మోజర్ బేర్ అనేవాళ్లం. ఆ కంపెనీని మూసి ఆస్తులు అమ్మమని 2018లో ఆదేశం వచ్చింది. వర్బాటిమ్ పేరు 2019లో తైవాన్‌కి చెందిన సీఎంసీ చేతికి వెళ్లింది. అంటే డబ్బా మీద పేరు చూసి లోపలి సరుకు ఏమిటో పూర్తిగా చెప్పలేం. లోపలి సరుకు తెలిసేది డిస్క్ మీదే రాసి ఉండే తయారీ కోడ్‌తో. డిస్క్‌లు రాసే ఉచిత సాఫ్ట్‌వేర్ ఇమ్‌జ్‌బర్న్‌లో ఖాళీ డిస్క్ పెడితే కుడి పక్కన ఆ కోడ్ కనిపిస్తుంది. నేను చేసేది ఇంతే: యాభై డిస్క్‌ల స్పిండిల్ ఒకేసారి కొనకుండా ముందు అయిదో పదో కొని, ఒకటి రాసి, సరిచూసి, బాగుంటే అదే లాట్‌లో మిగతావి తెచ్చుకుంటాను. ఖాళీ డిస్క్‌కి కూడా వయసు మీద పడుతుంది. కొట్టు అద్దాల అల్మరాలో ఎండ తగిలేలా ఏళ్ల తరబడి ఉన్న స్పిండిల్ సగం ధరకిస్తానన్నా వద్దు.

మొన్న ద్వారకానగర్‌లో ఒక కుర్రాడు నవ్వాడు. "సార్, ఇప్పుడు ఖాళీ డీవీడీలు ఎవరు అడుగుతున్నారండి? పెన్‌డ్రైవ్ తీసుకోండి." వాడి మాటా కొట్టిపారెయ్యలేను. రోజూ వాడకానికి పెన్‌డ్రైవే. కానీ పెన్‌డ్రైవ్‌లోది చెయ్యి జారి డిలీట్ అవుతుంది, వైరస్ పడుతుంది, పిల్లలు పాటలు ఎక్కించుకోవడానికి ఫార్మాట్ చేసేస్తారు. మూసేసిన డీవీడీ-ఆర్‌ని ఎవరూ చెరపలేరు. నా లెక్కలో హార్డ్ డిస్క్ మీద ఒకటి, వేరే ఇంట్లో డిస్క్ మీద ఒకటి.

మనవల దాకా ఉండాలనుకునేవాళ్లకి ఎమ్-డిస్క్ అని ఒక రకముంది. మామూలు డిస్క్‌లో రంగు పూత మీద లేజర్ మచ్చ పెడుతుంది, ఆ రంగు ఎండకీ వేడికీ వెలుస్తుంది. ఎమ్-డిస్క్‌లో రంగు బదులు రాయిలాంటి గట్టి పొర ఉంటుంది. వెయ్యేళ్లు ఉంటుందని తయారీదారు మాట, చూసి చెప్పడానికి మనమెవరం ఉండం. డీవీడీ ఎమ్-డిస్క్ రాయాలంటే డ్రైవ్ మీద ఆ గుర్తు ఉండాలి, ఎల్‌జీ డ్రైవ్‌లలో చాలావాటికి ఉంటుంది. పెళ్లి, పిల్లల మొదటి పుట్టినరోజు, పోయిన పెద్దల గొంతు లాంటివాటికి నాలుగైదు కొని పెట్టుకోవచ్చు. అన్నిటికీ అక్కరలేదు.

## సాఫ్ట్‌వేర్: ఉచితం చాలు, ఏది అన్నదే సంగతి

విండోస్‌లో ఉన్నదే. విండోస్ 7 నుంచి ఐఎస్ఓ ఫైల్ (డిస్క్ మొత్తాన్ని ఒకే ఫైలుగా దింపుకున్న నకలు, ఇమేజ్ అన్నా ఇదే) మీద కుడి క్లిక్ కొట్టి డిస్క్ రాసెయ్యవచ్చు, రాశాక సరిచూడమని టిక్కు కూడా ఉంది. ఫైళ్లు లాగి పడేసి రాయడమూ వచ్చు. ఇక్కడ ఒక గొయ్యి ఉంది. ఖాళీ డిస్క్ పెట్టగానే 'యూఎస్‌బీ ఫ్లాష్ డ్రైవ్‌లాగానా, సీడీ/డీవీడీ ప్లేయర్‌తోనా' అని అడుగుతుంది. మొదటిది నొక్కితే అది కంప్యూటర్లోనే చక్కగా పనిచేస్తుంది, టీవీ ప్లేయర్‌లో 'నో డిస్క్' అంటుంది. ఎంతమంది ఈ గోతిలో పడి డ్రైవ్‌ని తిట్టుకున్నారో! ఎప్పుడూ రెండోదే నొక్కండి. విండోస్‌కి ఉన్న పెద్ద లోటు, ఉన్న డిస్క్‌ని ఐఎస్ఓగా దింపుకోవడం దానికి రాదు. అంటే కాపీ పనిలో సగమే చేస్తుంది.

ఇమ్‌జ్‌బర్న్. నేను వాడేది ఇదే. 2013లో వచ్చిన 2.5.8.0 తరవాత కొత్త వెర్షన్ లేదు, చూపు కూడా అప్పటిదే, అయినా విండోస్ 11లో ఆడుతుంది. డిస్క్ నుంచి ఇమేజ్ చదువుతుంది, ఇమేజ్ నుంచి డిస్క్ రాస్తుంది, రాశాక ప్రతి అక్షరం సరిచూస్తుంది. ఏం చేస్తోందో వరసగా ఇంకో కిటికీలో రాసుకుంటూ పోతుంది, పని చెడితే ఎక్కడ చెడిందో తెలుస్తుంది. ఇబ్బంది ఇన్‌స్టాల్ దగ్గరే. అడక్కుండా ఇంకేవో ప్రోగ్రాములు అంటగట్టే ఇన్‌స్టాలర్లు తిరుగుతున్నాయి. ప్రతి పేజీలో టిక్కులు చదివి తీసేస్తూ, వద్దు వద్దు అంటూ వెళ్లాలి. ఓపిక లేనివాళ్లు దీని జోలికి పోకపోవడమే మంచిది.

సీడీబర్నర్ఎక్స్‌పీ. మెనూలు సులువు. కొత్తవాళ్లకి ఇమ్‌జ్‌బర్న్ కంటే ముందు అర్థమవుతుంది. దీని అభివృద్ధి కూడా ఆగిపోయింది. పాటల సీడీ చేసుకోవడానికి హాయిగా ఉంటుంది.

అషాంపూ బర్నింగ్ స్టూడియో ఫ్రీ, బర్న్‌అవేర్ ఫ్రీ. చూడ్డానికి కొత్తగా, నీటుగా ఉంటాయి. మొదటిది ఉచితమే అయినా మెయిల్ ఐడీ ఇచ్చి కీ తెచ్చుకోమంటుంది, తరవాత ఆఫర్ల ఉత్తరాలు వస్తూంటాయి. పిన్నిలాంటివాళ్లకి రెండిట్లో ఏదైనా బాగుంటుంది.

నీరో. ఒకప్పుడు ఊళ్లో ప్రతి నెట్ సెంటర్లోనూ ఉన్నది ఇదే, డ్రైవ్ కొంటే డబ్బాలో సీడీ ఇచ్చేవారు. ఇప్పుడు డబ్బు పెట్టి కొనాల్సిన పెద్ద మూట. వీడియో స్టూడియో నడిపేవాళ్లు తప్ప ఇంట్లోవాళ్లు కొనడానికి కారణం నాకు కనబడదు.

లైనక్స్ వాడేవాళ్లకి కే3బీ, బ్రసెరో ఉన్నాయి, రెండూ ఉచితం, రెండూ శుభ్రంగా పనిచేస్తాయి. మ్యాక్‌లో డిస్క్ యుటిలిటీతో ఇమేజ్ దింపుకోవచ్చు, ఫైండర్‌తో రాయవచ్చు.

ఏది వాడినా నా అమరిక ఒకటే. 16ఎక్స్ డిస్క్‌ని 8ఎక్స్‌లో రాస్తాను. అప్పుడు నిండా ఉన్న డిస్క్‌కి తొమ్మిది పది నిమిషాలు పడుతుంది. మరీ 2ఎక్స్‌కి దించితే ఇంకా బాగా రాస్తుందనుకోవడం భ్రమ, ఇప్పటి డిస్క్‌ల పూత అంత నెమ్మదికి తయారైంది కాదు. డిస్క్‌ని అంచుదాకా నింపను, తప్పులు ఎక్కువగా పడేది ఆ చివరే. ఫైనలైజ్ చేస్తాను. సరిచూడమన్న టిక్కు ఎప్పుడూ తియ్యను. డెస్క్‌టాప్ అయితే యూపీఎస్ లేకుండా రాయను, మధ్యలో కరెంటు పోతే ఆ డిస్క్ టీ గ్లాసు కింద పెట్టుకోవడానికే.

## వీసీడీల పేచీ

పోలికల్లో ఎవరూ చెప్పరు గానీ తెలుగిళ్లలో అసలు చిక్కు ఇదే. 2000 తరవాత కొన్నేళ్లపాటు మన పెళ్లిళ్లు వచ్చింది డీవీడీల్లో కాదు, మూడు నాలుగు వీసీడీల్లో, అంటే వీడియో పట్టించిన సీడీల్లో. ఆ డిస్క్ తెరిస్తే ఎంపీఈజీఏవీ అన్న ఫోల్డర్, అందులో డాట్ (.dat) ఫైల్ కనిపిస్తాయి.

వీసీడీలో వీడియో పట్టడానికని తప్పులు దిద్దే అదనపు సమాచారాన్ని తగ్గించి, ఆ చోటు బొమ్మకి ఇచ్చారు. ఫలితం రెండు విధాలు. ఒకటి, చిన్న గీత పడ్డా కాపీ మధ్యలో ఆగి 'చదవలేకపోయాను' అంటుంది. రెండు, ఆ పద్ధతిని ఐఎస్ఓ ఫైల్ పట్టుకోలేదు. ఐఎస్ఓగా దింపి మళ్లీ రాస్తే డిస్క్ ఆడదు. వీసీడీని బిన్-క్యూ (.bin, .cue) ఫైళ్ల జంటగా దింపాలి. ఇమ్‌జ్‌బర్న్ ఆ డిస్క్‌ని చూడగానే తనంతట తనే ఐఎస్ఓ వదిలేసి బిన్ ఎంచుకుంటుంది, నేను దాన్నే పట్టుకుని వేలాడటానికి ఇదో కారణం. చూడటమే కావాలంటే డాట్ ఫైల్‌ని కాపీ చేసుకుని వీఎల్‌సీ అన్న ఉచిత వీడియో ప్లేయర్‌లో తెరవండి, ఆడుతుంది.

డీవీడీ పెళ్లి వీడియో అయితే వాబ్ (.vob) అనే వీడియో ఫైళ్లు ఒక్కో జీబీ చొప్పున ముక్కలై ఉంటాయి. వాటిని విడివిడిగా కాపీ చేస్తే తాళి కట్టే క్షణంలోనే ముక్క తెగి తరవాతి ఫైలుకి పోతుంది. ముందు మొత్తం ఐఎస్ఓగా దింపండి, అదే మీ అసలు కాపీ. అందులోంచి మేక్‌ఎంకేవీ అన్న సాఫ్ట్‌వేర్‌తో ఒక్క ఫైలుగా తీస్తే నాణ్యత తగ్గదు. ఫోనులో పంపుకోవడానికి చిన్నది కావాలంటే హ్యాండ్‌బ్రేక్‌తో కుదించండి, అందులో డీఇంటర్‌లేస్ పెట్టకపోతే చేతులు ఊపినప్పుడల్లా దువ్వెన పళ్లలాంటి గీతలు కనిపిస్తాయి. కుదించాక ఐఎస్ఓని చెరిపెయ్యకండి.

## చదవని డిస్క్

ముందు కడగండి. గోరువెచ్చటి నీళ్లు, ఒక చుక్క అంట్లు తోమే లిక్విడ్, మెత్తటి గుడ్డ. నడిమి నుంచి అంచుకి తుడవాలి, చుట్టూ తిప్పి కాదు. మన తేమకి పట్టే తెల్లటి బూజు చాలావరకు దీనితోనే పోతుంది.

అప్పటికీ చదవకపోతే ఇంకో డ్రైవ్‌లో పెట్టి చూడండి. ఇది మంత్రంలా పనిచేస్తుంది. ఒక డ్రైవ్ లేజర్‌కి కనిపించనిది ఇంకొకదానికి కనిపిస్తుంది. పాత డ్రైవ్‌ని పాత సామాన్లవాడికి వెయ్యొద్దని నేను అందరితో అనేది అందుకే.

లైనక్స్ తెలిసినవాళ్లకి డీడీరెస్క్యూ అన్నది ఉచితంగా దొరికే బ్రహ్మాస్త్రం. తేలికగా చదవగలిగినవి ముందు లాగేసి, కష్టమైనవాటి చుట్టూ తరవాత తిరుగుతుంది. ఏవి వచ్చాయో ఏవి రాలేదో పక్కన చిట్టా రాసుకుంటుంది. ఆ చిట్టాతో రెండో డ్రైవ్‌లో మొదలుపెడితే మొదటిది వదిలేసిన ఖాళీలే నింపుతుంది. విండోస్‌లో ఇలాంటి పనికి ఐసోబస్టర్ ఉంది, చూడటం ఉచితం, బయటికి తియ్యడానికి చాలావాటికి డబ్బు కట్టాలి. హ్యాండీక్యామ్‌లో ఫైనలైజ్ చెయ్యకుండా వదిలేసిన చిన్న డిస్క్‌లకి దానిదే దారి. క్యామెరా ఇంకా పనిచేస్తుంటే మాత్రం అందులోనే పెట్టి ఫైనలైజ్ చేసుకోండి.

కొన్న సినిమా డీవీడీల సంగతి వేరు. వాటికి తాళం ఉంటుంది, పైన చెప్పిన రాత సాఫ్ట్‌వేర్లు దాన్ని తియ్యవు. కాపీరైట్ చట్టంలో 2012 సవరణతో చేర్చిన 65ఏ సెక్షన్ ప్రకారం హక్కుల్ని ఉల్లంఘించే ఉద్దేశంతో ఆ తాళం తీస్తే రెండేళ్లదాకా జైలు, జరిమానా ఉన్నాయి. ఊళ్లోవాళ్లకి కాపీలు కొట్టి ఇచ్చేవాళ్లు గుర్తుపెట్టుకోవాలి.

## ఎవరికి ఏది

డబ్బా తెరిచి అన్నీ కంప్యూటర్లోకి ఎక్కించి వదిలేద్దామనుకునేవాళ్లకి యూఎస్‌బీ సన్న రైటర్, ఇమ్‌జ్‌బర్న్, వీఎల్‌సీ చాలు. ఖాళీ డిస్క్‌లు కొనక్కరలేదు. పది డిస్క్‌ల కంటే తక్కువుంటే డ్రైవ్ కూడా కొనకండి, తెలిసినవాళ్ల దగ్గర ఒక ఆదివారానికి అడిగి తెచ్చుకోండి.

గాజువాక వైపో గోపాలపట్నం వైపో చిన్న స్టూడియో నడుపుతూ ఇప్పటికీ డీవీడీ అడిగే పార్టీలు ఉన్నవాళ్లకి డెస్క్‌టాప్‌లో సాటా డ్రైవ్ తప్పనిసరి. కుదిరితే రెండు పెట్టుకోండి, ఒకటి రాస్తుంటే ఇంకొకదాంట్లో సరిచూడవచ్చు. రాసిన డ్రైవ్‌లో ఆడి వేరే డ్రైవ్‌లో ఆడని డిస్క్ పార్టీ చేతికి వెళ్లాక తెలిస్తే మాట పడాల్సింది మీరే. మెనూలకి డీవీడీస్టైలర్ ఉచితం. స్టిక్కర్లు మానెయ్యండి, నేరుగా అచ్చు పడే తెల్లమొహం డిస్క్‌లు వాడండి.

పాటల పిచ్చి ఉన్నవాళ్లు ఆడియో సీడీల కోసం ఎగ్జాక్ట్ ఆడియో కాపీ వాడాలి. మామూలు కాపీలో గీత దగ్గర 'టిక్' మని మిగిలిపోయే చప్పుడుని ఇది పదే పదే చదివి సరిచేసుకుంటుంది. నెమ్మది, కానీ ఒక్కసారి చేస్తే చాలు.

కాలేజీ ప్రాజెక్టు, ఆఫీసు కాగితాలు సీడీలో ఇవ్వాల్సినవాళ్లకి విండోస్‌లో ఉన్నదే చాలు. ఇచ్చేముందు వేరే కంప్యూటర్లో ఒకసారి తెరిచి చూడండి.

ఇంతకీ పిన్ని ట్రే ఉన్న యూఎస్‌బీ రైటర్ కొంది. ఆదివారం వెళ్లి కూర్చున్నాను. పద్నాలుగు డిస్క్‌లలో పన్నెండు మారు మాట లేకుండా వచ్చేశాయి. ఒకటి కడిగితే వచ్చింది. షష్టిపూర్తి వీసీడీల్లో మూడోది మాత్రం సగం దాటాక మొరాయిస్తే, నా సంచీలో ఉన్న పాత డెస్క్‌టాప్ డ్రైవ్‌కి మార్చాను. వచ్చింది గానీ తాతగారి మీద అక్షింతలు పడే చోట అర నిమిషం గళ్లు గళ్లుగా ఉంది.

"అమెరికాలో చెల్లికి డిస్క్ రాసి పంపితే అక్కడ ఆడుతుందా?" అంది పిన్ని కాఫీ ఇస్తూ. రీజియన్ గొడవ, అంటే ఏ ప్రాంతపు డిస్క్ ఆ ప్రాంతపు ప్లేయర్‌లోనే ఆడాలన్న కోడ్, ఇంట్లో రాసినవాటికి లేదు, అది కొన్న సినిమాలకే. మనది 5, అమెరికాది 1, కంప్యూటర్ డ్రైవ్‌లో అయిదుసార్లకు మించి మార్చనివ్వదు. చిక్కల్లా మన వీడియో పాల్ అనే టీవీ పద్ధతిది కావడం. అమెరికా ప్లేయర్లు చాలావరకు అక్కడి ఎన్‌టీఎస్‌సీ పద్ధతివి, వాటిలో బొమ్మ రాకపోవచ్చు, కంప్యూటర్లో అయితే ఆడుతుంది. అందుకని చెల్లికి డిస్క్ వద్దని ఫైలే పంపాం. పిన్ని మాత్రం ఒక ఎమ్-డిస్క్ రాయించుకుని, డబ్బాలో సిలికా పొట్లం వేసి, కిటికీ వైపు అల్మరాలోంచి తీసి పూజగది పక్క బీరువాలో పెట్టింది.